చదివింది, చెప్పలేదు

ఫిబ్రవరి 4, మంగళవారం

ఐదు నిమిషాల పనట.

ఇవాళ ముగ్గురి నోట విన్నాను ఆ మాట. పొద్దున ప్రిన్సిపాల్ జగన్మోహనరావు గారు, మధ్యాహ్నం ఆఫీసు గుమస్తా, ఇంటికొచ్చాక అక్క. "ఎవర్నన్నా పక్కన కూచోబెట్టుకుంటే ఐదు నిమిషాల పనేగా మనూ" అంది సుష్మక్క, నా కంచంలో పప్పు వడ్డిస్తూ. కంచం జరిపేశాను.

పదకొండేళ్లుగా కాలేజీలో కంప్యూటర్ లాబ్ చూస్తున్నాను. ఆరేళ్ల కిందట పద్దెనిమిది కంప్యూటర్లకీ సిస్టమ్ ఎక్కించింది నేనే. పక్కన నరమానవుడు లేడు. అప్పటి ఇన్‌స్టాలర్ ప్రతి అడుగూ పైకి చదివేది. వినేదాన్ని, కీ నొక్కేదాన్ని, పక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్లేదాన్ని. రెండు రోజుల్లో అయిపోయింది. నాకు చూపు లేదన్న సంగతి ఆ రెండు రోజులూ గుర్తే రాలేదు.

ఇప్పుడు పాతదానికి కాలం చెల్లిందని, ఉచితంగా దొరుకుతుందని 'వెన్నెల' అనే కొత్త సిస్టమ్ పెట్టమన్నారు. సోమవారానికల్లా అయిపోతుందని నేనే మాటిచ్చాను. ఇవాళ పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాను. తెర మీది రాతని పైకి చదివే స్క్రీన్ రీడర్ లేచింది. డెస్క్‌టాప్ చదివింది, తేదీ చదివింది, టైము చదివింది. 'ఇన్‌స్టాల్' మీద ఎంటర్ కొట్టాను.

ఇక మాట లేదు.

టాబ్ కొట్టాను. మళ్లీ కొట్టాను. బాణాలు నొక్కాను. స్పీకరు వైరు ఊడిందేమోనని వంగి తడిమి చూశాను కూడా. ఎంత పిచ్చిదాన్ని. ఏది ఆగిపోయినా ముందు నా వైపే తప్పు వెతుక్కోవడం. వైరు బాగానే ఉంది. ఇన్‌స్టాలర్ తెర మీద బ్రహ్మాండంగా నడుస్తోందట, గుమస్తా చెప్పాడు. "రంగులు బాగున్నాయి మేడమ్" అన్నాడు.

ఫిబ్రవరి 6, గురువారం

వెన్నెల వాళ్ల సైట్‌లో రిపోర్టు పెట్టాను. మర్యాదగా రాశాను. ఏ కీ నొక్కితే ఏమైంది, ఎక్కడ మాట ఆగింది, అన్నీ వరసగా.

రెండు గంటల్లో జవాబు. శశాంక్ అట, ఇన్‌స్టాలర్ చూసుకునేది అతనే. ధన్యవాదాలు, ప్రస్తుతానికి చూపున్న వారెవరి సాయమైనా తీసుకోండి, ఐదు నిమిషాలే పడుతుంది, తర్వాతి విడుదలల్లో ఎప్పుడైనా చూస్తాం. రిపోర్టు మూసేశాడు.

నలుగురయ్యారు.

ఫిబ్రవరి 8

రాయడానికేం లేదు. కోపంగా ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

పోయింది. మొత్తం పోయింది.

ముందు నా లాప్‌టాప్‌లో ఎక్కించి చూద్దామనుకున్నాను. ఏ తెర తర్వాత ఏ తెర వస్తుందో తెలిస్తే మళ్లీ గట్టిగా రాయొచ్చు. పాత సిస్టమ్ అలాగే ఉంచి, పక్కన కొత్తది. హరీష్ బావని కూర్చోబెట్టుకున్నాను. ఇది తోటలు పూత మీద గుత్తకు మాట్లాడుకునే కాలం, మామిడి వ్యాపారం చేసే బావ చెవి దగ్గర నుంచి ఫోను దిగదు. చాట్రాయి రైతెవరో లైన్లో ఉన్నాడు. తేనెమంచు పురుగు ఎట్టా ఉంది, మందు ఎన్నోసారి కొట్టారు అని అటు అడుగుతూ, ఇటు మౌసు నొక్కుతూ బావ.

అరగంటకి "అయిపోయింది మనూ, కంగ్రాట్స్ చెప్తోంది" అన్నాడు.

ఆన్ చేశాను. కొత్తగా కొన్నదానిలా లేచింది. నా ఫోల్డరు లేదు. ఏ ఫోల్డరూ లేదు.

"బావా, మధ్యలో ఏం అడిగింది?"

"ఏదో అడిగింది. ఓకే కొట్టాను."

"ఏం అడిగిందో చదవాలి కదా!"

"అన్నీ అట్టాగే అడిగింది మనూ. డిస్క్ అనీ, అదనీ ఇదనీ..."

చదవలేదు. చదివి ఉంటే ఆపేదాన్ని. ఆయన చదవలేదు.

మూడు వేల నాలుగు వందల పన్నెండు మాటలు. స్క్రీన్ రీడర్ తెలుగు చదివేటప్పుడు ఎక్కడ తప్పు పలుకుతుందో, ఎలా పలకాలో, ఒక్కొక్క మాటే దిద్దిన జాబితా. 'డా.' కనపడితే డాక్టరు అనాలి, 'డా' అని నోరు తెరిచి ఊరుకోకూడదు. ఆగిరిపల్లిని రెండు ముక్కలు చేయకూడదు. ఎనిమిదేళ్లు. శనివారం నా కంప్యూటర్ క్లాసుకి వచ్చే చూపు లేని ఆరుగురూ, ఎక్కడెక్కడివాళ్లో ఇంకో అరవైమందీ వాడుతున్నారు దాన్ని. వాళ్ల దగ్గరున్నది రెండేళ్ల కిందటిది, తొమ్మిది వందల మాటలు. మిగతాది ఈ వేసవిలో పంపుదామనుకున్నాను.

ఫిబ్రవరి 10

వేరే చోట కాపీ దాచుకోలేదా అని అక్క అడిగింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచిపోయాను.

బావతో మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

జగన్మోహనరావు గారు పిలిచారు. కుర్చీ ఆయనే లాగి కూర్చోబెట్టారు. అక్కడే అర్థమైంది.

"మీరేం ఫీలవ్వకండి మేడమ్. విజయవాడ నుంచి కిషోర్ బాబని ఒకబ్బాయి వస్తున్నాడు, లాబ్ మొత్తం అతను సెట్ చేసేస్తాడు. మీరు కొన్నాళ్లు లైబ్రరీలో ఉండండి. రెస్టుగా ఉంటుంది."

"నేను రెస్టు అడగలేదండీ."

"అడక్కపోయినా చూసుకోవాల్సింది మేమేగా."

"శనివారం క్లాసు?"

"కొత్త సెటప్పు కదా... కొన్నాళ్లు ఆపుదాం. మీవాళ్లకి మీరే చెప్పండి, మీరైతే బాగా చెప్తారు."

మీవాళ్లు. చూపు లేని ఆరుగురికి కంప్యూటర్ నేర్పుతుంటే వాళ్లు నావాళ్లు. నేను ఈ కాలేజీదాన్ని మాత్రం కాను.

లైబ్రరీలో ఫ్యాను చప్పుడు ఎక్కువ. పుస్తకాలన్నీ అచ్చువి. నన్ను అక్కడ కూర్చోబెట్టాలని తోచిన బుర్రకి దండం పెట్టాలి.

ఫిబ్రవరి 15, శనివారం

ఎవరికీ ఫోన్ చేయలేదు. చేద్దామనే అనుకున్నాను.

పదింటికి గేటు దగ్గర ఆరుగురూ నిలబడ్డారు. వాచ్‌మన్ లోపలికి పంపలేదు. నేను వెళ్లేసరికి ఐదుగురు వెళ్లిపోయారు. ఆరోగ్యం మాత్రం కర్ర నేలకి ఆనించి అక్కడే ఉన్నాడు. ఆగిరిపల్లి నుంచి రెండు ఆటోలు మారి వస్తాడు. యాభై దగ్గరపడిన మనిషి. మామిడి కోతలకి ముఠా మేస్త్రిగా ఉండేవాడు, షుగరుతో రెండేళ్ల కిందట చూపు పోయింది. అంతకుముందు వాళ్ల పేటలో పింఛన్లకీ, రేషను కార్డులకీ, ఇళ్ల స్థలాలకీ అర్జీలన్నీ రాసిపెట్టేది ఆయనే. మళ్లీ తన చేత్తో అర్జీ రాయాలని వస్తున్నాడు. నిమిషానికి ఎనిమిది మాటలు కొడుతున్నాడు ఇప్పుడు.

"ఎందుకాపారమ్మా?"

చెప్పాను. ఇన్‌స్టాలర్ గురించి, నా లాప్‌టాప్ గురించి, లైబ్రరీ గురించి. మూడు నెలలు ఓపిక పట్టమన్నాను.

"మూడు నెల్లని ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది అన్నాను.

"మాకు ఫోనన్నా చేయకపోతే ఎట్టాగమ్మా? గేటు కాడ ఆ పిల్లోడితో పొమ్మనిపించుకోవడానికా వచ్చింది?" గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఆ మాట్లాడని దాన్ని మాట్లాడించలేరా మీరు?"

"నాకేం పని లేదనుకున్నారా?"

"లైబ్రరీలో ఏం పనమ్మా?"

ఇంటికి వచ్చేదాకా ఆ మనిషిని తిట్టుకుంటూనే వచ్చాను.

ఫిబ్రవరి 20, గురువారం

వెన్నెల కోడ్ అంతా బయటే పెట్టి ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. అక్క పాత లాప్‌టాప్ తీసుకుని నాలుగు రోజులుగా చదువుతున్నాను. లైబ్రరీలోనే. రెస్టు బాగా ఉపయోగపడుతోంది.

దొరికింది. ఇన్‌స్టాలర్ నడిచేది అడ్మిన్ పేరు మీద. స్క్రీన్ రీడర్ నడిచేది మామూలు యూజర్ పేరు మీద. మధ్యలో భద్రత కోసం కట్టిన గోడ. గోడ ఉండాల్సిందే. కానీ తెరలు చూపించడానికీ, ప్రశ్నలు అడగడానికీ అడ్మిన్ ఎందుకు? డిస్క్ మీద రాసేటప్పుడు కదా కావాలి. రెంటినీ విడదీస్తే చాలు. తెరలు ఇవతలికి వస్తాయి, మాటలు వినపడతాయి.

పైగా సగం బటన్లకి పేర్లు లేవు. బొమ్మ పెట్టి వదిలేశారు. గోడ తీసినా వినపడేది 'బటన్, బటన్, బటన్' అనే.

ఫిబ్రవరి 26

నేను మార్చిన కోడ్ నడవలేదు. మళ్లీ మొదటి నుంచి.

బావ తలుపు దగ్గర నిలబడి "కాఫీ తాగుతావా" అన్నాడు. వద్దన్నాను. తాగాలనే ఉంది.

మార్చి 1, శనివారం

"స్వాగతం. భాషను ఎంచుకోండి."

మాట్లాడింది! మాట్లాడింది! అక్కని కేకేశాను. పచ్చడికి పిందెలు తరుగుతున్న చేతులతోనే వచ్చింది, మామిడి జీడి వాసనతో సహా. మూడుసార్లు వినిపించాను. "ఏం గొంతే ఇది, జలుబు చేసినట్టుంది" అంది. నవ్వాను. నెల తర్వాత.

తెలుగు మాటలు కూడా నేనే పెట్టాను, నూట ముప్పై రెండు వాక్యాలు. అంతా శశాంక్‌కి పంపాను.

మార్చి 4, మంగళవారం

అతనే ఫోన్ చేశాడు.

"మనోజ్ఞ గారా అండీ? శశాంక్‌ని. మీ కోడ్ చూశాను. చాలా నీట్‌గా ఉందండీ."

"అయితే తీసుకోండి."

"అదేనండీ... ఏప్రిల్ మొదట్లో రిలీజ్. ఇప్పుడు ఇంత మార్పంటే రిస్కు. టెస్ట్ చేయాలి, మాకు చూపు లేని టెస్టర్లు ఎవరూ లేరు."

"మరి నేనేంటి?"

"మీరు రాసినవారు కదండీ. రాసినవాళ్లే టెస్ట్ చేసుకుంటే లెక్కలోకి తీసుకోం. నా కోడ్‌కైనా అంతే."

అది నిజం. నిజం కావడం నాకు నచ్చలేదు.

"అసలు మొదట్లోనే ఎందుకు చూసుకోలేదు?"

"మొత్తం ముగ్గురమండీ. ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు కూర్చుంటాం. ఎవరూ అడగలేదు."

"అడిగాను. ఫిబ్రవరి ఆరున. మీరు మూసేశారు."

"అవునండీ. మూసేశాను."

చివరికి తేలింది ఇది. నేను కాకుండా చూపు లేని వేరొకరు, ఎవరి సాయమూ లేకుండా, నిజం కంప్యూటర్ మీద, మొదటి నుంచి చివరిదాకా ఎక్కించాలి. మార్చి 25 లోపు. అయితే తీసుకుంటాడు. లేకపోతే వచ్చే ఏడాది.

మార్చి 8, శనివారం

ఆరోగ్యాన్ని ఇంటికి పిలిచాను. ముందు అక్క లాప్‌టాప్‌లోనే ఉత్తుత్తి డిస్క్ ఒకటి తయారుచేసి పెట్టాను, ఏమైనా నష్టం లేదు.

కూర్చున్నాడు. విన్నాడు. టాబ్, ఎంటర్. టాబ్, ఎంటర్. బాగానే వెళ్తున్నాడని నేను చేతులు కట్టుకుని వింటున్నాను. అంతలో అది "విభజన పట్టిక అధిలేఖనం చేయబడును, కొనసాగించు" అంది. ఆయన ఎంటర్ కొట్టాడు. చెరిగిపోయింది.

"ఏం చేశారు!"

"ఏదో అడిగింది. ఎంటర్ కొట్టాను."

ఆ మాట. అచ్చం ఆ మాటే. నాకేమైందో తెలియదు, గట్టిగా అరిచాను. చదువుతుంటే వినబడటం లేదా అన్నాను. చూడలేనివాళ్లకి వినడం కూడా రాకపోతే ఎలా అన్నాను. ఉత్తుత్తి డిస్క్ మీద అంత కోపం.

ఆయన లేచాడు. కర్ర కోసం తడుముకుంటుంటే అక్క అందించింది.

"విన్నానమ్మా. ప్రతి ముక్కా విన్నాను. అది చదివింది. చెప్పలేదు."

వెళ్లిపోయాడు.

గడువు పదిహేడు రోజులు. వేరే ఎవరినైనా చూడాలి. పదో తరగతి తప్పిన మనిషిని నమ్ముకోవడం నాదే బుద్ధి తక్కువ.

మార్చి 9

నిన్నటి ఆఖరి వాక్యం తీసేద్దామని రెండుసార్లు దాని దగ్గరికి వెళ్లాను. ఉంచాను. నేను రాసిందే.

మార్చి 11, మంగళవారం

భోజనాల దగ్గర అక్కతో అన్నాను, బావ కూడా వినేలాగే. ఆరోగ్యం కూడా అచ్చం ఆయనలాగే చేశాడని. వినకుండా, చదవకుండా ఎంటర్ కొట్టడం అందరికీ అలవాటైపోయిందని.

బావ కంచం చప్పుడు ఆగింది.

"మనూ, ఒకటి చెప్తాను, కోప్పడకు. ఆ రోజు నేను చదివాను."

"ఏం చదివావు?"

"ఎరేజ్ డిస్క్ అని. పైకే చదివాను. నువ్వు ఫోన్లో ఏదో రాసుకుంటున్నావు. ఊఁ, కానీ బావా అన్నావు."

"నేనా?"

"నువ్వే. నాకేం తెలుసు, ఎరేజ్ అంటే పాత చెత్త తుడుస్తదేమో అనుకున్నా. నువ్వు కానీ అన్నాక నొక్కేశాను."

"మరి నెల రోజులుగా నోరు మూసుకుని ఎందుకున్నావు?"

"చెప్తే పోయినవి వస్తాయా? నీకు ఎవరో ఒకరు ఉండాలి కదా తిట్టుకోడానికి. నేనైతే నష్టం ఏముంది?"

అక్కకి కూడా తెలుసు. ఆమె ఆశ్చర్యపోలేదు, దాన్నిబట్టి తెలిసింది.

నేను ఊఁ అన్నానా? గుర్తు లేదు.

గుర్తుంది.

శశాంక్‌కి ఇంకో రిపోర్టు రాస్తున్నాను అప్పుడు. బావ గొంతు, చాట్రాయి రైతు గొంతు, నా కోపం, అన్నీ ఒకేసారి చెవిలో. కాపీ సంగతి కూడా రాసేస్తాను. అదే డిస్క్‌లో ఇంకో మూల పెట్టాను. దాన్ని కాపీ అనరని నా విద్యార్థులకి నేనే చెప్తాను.

ఆ తెర మీద డిస్క్ బొమ్మ ఉందట, పోయే భాగమంతా ఎర్రగా. బావ బొమ్మని ఎలా చదువుతాడు? ఆయన నోట రెండు మాటలు, నా నోట ఒక ఊఁ. ఎనిమిదేళ్ల పని ఆ సందులోంచి జారిపోయింది. ఆ ప్రశ్న ఆయన్ని కాదు, నన్ను అడగాలి. నా చెవిలో అడగాలి. నాకు అర్థమయ్యే మాటల్లో అడగాలి.

అర్థమయ్యే మాటల్లో అని రాశాక వేళ్లు ఆగాయి. అధిలేఖనం అన్న మాట ఎవరు పెట్టారు? శశాంక్ కాదు.

మార్చి 13, గురువారం

బావ బండి మీద ఆగిరిపల్లి వెళ్లాను. తోటల్లో మందు కొడుతున్నారు, ఆ ఘాటుకి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. బండి దిగి "బావా, సారీ" అన్నాను. "సర్లే, మెట్టు ఉంది, చూసుకో" అన్నాడు.

ఆరోగ్యం అరుగు మీద కూర్చుని ఎవరికో అర్జీ చెప్తున్నాడు, వాళ్లమ్మాయి రాస్తోంది. నన్ను కూర్చోమని చెప్పి, ఆ అర్జీ అయ్యేదాకా నా వైపు తిరగలేదు. అరగంట. కూర్చున్నాను.

"ఆరోగ్యం గారూ, ఆ రోజు నేను అన్న మాటలు..."

"అనేశారుగా. మాటలు చాలా దూరం వినపడతాయి మాకు." గొంతు నా వైపు తిరిగింది. "అది పక్కన పెట్టండి. ఆ మాటేంటి? అధి... ఏదో."

"అధిలేఖనం. ఉన్నదాని మీద మళ్లీ రాయడం. నిఘంటువు చూసి పెట్టాను."

"నేనూ మొదట్లో అట్టాగే రాసేవాణ్ణమ్మా. పెద్ద మాట పడితే అర్జీకి మర్యాద వస్తదని. ఆఫీసరు దాన్ని పట్టుకుని ఇది స్పష్టంగా లేదని పక్కన పడేసేవాడు. వాడికి తప్పించుకునే సందు నేనే ఇచ్చినట్టు. ఏం పోద్ది, ఏం మిగులుద్ది, నేనేం చెయ్యాలి. ఈ మూడూ ముందు చెప్పాలి. తర్వాత ఎన్ని మర్యాదలైనా."

"అయితే మీరే చెప్పండి, దాన్ని ఎలా అనాలో."

ఆలోచించాడు. తర్వాత ఎదురుగా ఉన్న మనిషికి చెప్తున్నట్టు నిదానంగా అన్నాడు. "ఈ డిస్క్‌లో ఉన్నవన్నీ పోతాయి. మళ్లీ రావు. పోయినా పర్లేదనుకుంటే 'తుడువు' అని టైపు చెయ్యండి. వద్దనుకుంటే ఎంటర్ కొట్టండి, ఏమీ కాదు."

ఎంటర్ కొడితే ఏమీ కాదు. ఇంత పెద్ద సంగతి నాకెందుకు తట్టలేదు? అందరి వేలూ ముందు వెళ్లేది ఎంటర్ మీదికే. అక్కడ నేను కత్తి పెట్టాను.

మార్చి 17

నూట ముప్పై రెండులో నూట పది తిరగరాశాం. ఫోన్లో గంటలకొద్దీ. కొన్నిటికి ఆయనతో పోట్లాడాను. 'యూజర్' అన్న మాట తీసేయమంటాడు, నేను ఒప్పుకోలేదు. 'పాస్‌వర్డ్' ఉంచమంటాడు, సంకేతపదం ఎవడంటాడమ్మా అని. అది ఒప్పుకున్నాను.

మార్చి 22, శనివారం

ఆరోగ్యం వాళ్లమ్మాయి లాప్‌టాప్ తెచ్చాడు. నిజం కంప్యూటరే కావాలన్నారుగా అన్నాడు. శశాంక్ వీడియో కాల్‌లో చూస్తున్నాడు. నేను పక్క గదిలోకి వెళ్లి గడప మీద కూర్చున్నాను.

మధ్యలో ఒకచోట ఆరోగ్యం చాలాసేపు ఆగాడు. ఫోన్లోంచి శశాంక్ "కింద కుడివైపు..." అని మొదలుపెట్టాడు. "మీరు మాట్లాడొద్దు" అని గడప మీద నుంచే అరిచాను. టక్కున నోరు మూశాడు.

డిస్క్ ప్రశ్న వచ్చింది. ఈ డిస్క్‌లో ఉన్నవన్నీ పోతాయి. మళ్లీ రావు. మొదటిసారి ఎక్కించేవాళ్లకి తుడవడమే తేలిక, అందరూ అదే చేస్తారు. ఆయన ఎంటర్ కొట్టాడు. 'ఏమీ మారలేదు' అంది యంత్రం. వెనక్కి వెళ్లాడు, వెతికాడు, 'ఉన్నవి ఉంచి పక్కన పెట్టు' అన్నది పట్టుకున్నాడు.

యాభై రెండు నిమిషాలు పట్టింది. ఐదు కాదు.

"తుడవలేదేం?" అన్నాను తర్వాత.

"మా అమ్మాయి నర్సింగ్ నోట్సు ఉందమ్మా అందులో. మీకు చెప్పలేదు కదా. చెప్తే మీరు ఒప్పుకునేవాళ్లు కాదు."

తిట్టాలో, నవ్వాలో తెలియలేదు. ఆయన మాత్రం అక్క ఇచ్చిన మజ్జిగ తాగుతూ, ఆ యంత్రం గొంతుకి నిజంగానే జలుబు చేసింది, మార్చడానికి వీలుందా అని అడిగాడు.

మార్చి 26, బుధవారం

తీసుకున్నారు. కొత్త విడుదల వివరాల్లో మా ఇద్దరి పేర్లూ రాశారు. దానికి ముందు 'దివ్యాంగుల కోసం ప్రత్యేక సౌకర్యం' అని పెట్టాడు శశాంక్. ఫోన్ చేశాను.

"ప్రత్యేకం ఏముంది ఇందులో? పని చేయనిదాన్ని బాగుచేశాం అని రాయండి."

"సరేనండీ. పని చేయనిదాన్ని..."

"ఫిబ్రవరి నుంచి పని చేయనిదాన్ని."

రాశాడు. అంతకంటే కొత్త సంగతి, ఇకమీదట ఇన్‌స్టాలర్ మాట్లాడకపోతే ఏ రిలీజూ వెళ్లదని నియమం పెట్టారు. అది అతనే పెట్టాడు, నేను అడగలేదు. ఒక్కరోజు అతని మీద కోపం మానేస్తాను.

ఏప్రిల్ 2, బుధవారం

జగన్మోహనరావు గారికి అంతా చెప్పాను. సంతోషించారు. స్టాఫ్ మీటింగులో చెప్తానన్నారు. ఫోటో తీయిద్దామన్నారు.

"లాబ్, శనివారం క్లాసు?"

"చూద్దాం మేడమ్. కిషోర్ బాబు ఇప్పటికే అంతా సెట్ చేశాడు కదా. మళ్లీ కదిపితే... వచ్చే ఏడాది చూద్దాం."

ఫోటోకి రానని చెప్పాను.

ఆరోగ్యానికి ఫోన్ చేసి ఒక పావుగంట అరిచాను. అంతా విని, "అర్జీ పెడదామమ్మా" అన్నాడు. "రాసేది నేను. మీరు వేలు పెట్టొద్దు."

ఏప్రిల్ 9, బుధవారం

లాబ్ తాళం తీస్తున్నారు. ఈ శనివారం నుంచే క్లాసు. నన్ను మాత్రం జూన్ దాకా లైబ్రరీలోనే ఉంచారు, ఆ యుద్ధం వేరే ఉంది.

ఎలా జరిగిందో రాసుకోవాలి.

ఆరోగ్యం తన చేత్తో టైపు చేశాడు. మూడు రోజులు పట్టిందట. బస్టాండు దగ్గర ప్రింటు తీయించాడు. నిన్న సాయంత్రం ఆరుగురినీ ఫోన్లో కలిపి యంత్రం చేత చదివించాడు, ఒకసారి కాదు, అందరూ సరే అనేదాకా. తొమ్మిది వాక్యాలు. ఒక్క పెద్ద మాట లేదు. 'దయతో' అన్నది కూడా లేదు. ఉండాలేమో అన్నాను. వేలు పెట్టొద్దన్నాగా అన్నాడు.

ఇవాళ పదకొండింటికి ఏడుగురం ప్రిన్సిపాల్ గదిలో నిలబడ్డాం. కుర్చీలు వేయిస్తానన్నారు. వద్దన్నాం. ఆరోగ్యం కాగితం ఇచ్చాడు.

"చదివి చెప్తాను, మీరు వెళ్లండి" అన్నారు జగన్మోహనరావు గారు.

"ఇక్కడే చదవండి సార్. పైకి. మాకు వినే అలవాటు."

చదవడం మొదలుపెట్టారు. మర్యాదగానే, ప్రార్థన సమావేశంలో చదివినట్టు గబగబా. మేం ఫలానా, ఇన్నేళ్లుగా వస్తున్నాం, గేటు దగ్గర ఆపారు. చివరిదాకా వచ్చి "బాగా రాశారు" అన్నారు.

"ఒక వాక్యం వదిలేశారు సార్" అన్నాడు ఆరోగ్యం.

"లేదే, అంతా చదివానే."

"నాలుగోది. శనివారం క్లాసు ఆపమన్నది ఎవరో, ఎందుకో, మాకు కాగితం మీద రాసి ఇవ్వాలి."

కాగితం చప్పుడైంది. ఫ్యాను తిరుగుతోంది. ఏడుగురికీ కంఠతా వచ్చు అది, ఎక్కడ కామా ఉందో కూడా.

"ఆఁ... ఉంది. చూసుకోలేదండీ."

"పర్లేదు సార్. మళ్లీ మొదట్నుంచి చదవండి. మేం వింటాం."

కుర్చీ కిర్రుమంది. గొంతు సవరించుకున్నారు. మొదటి వాక్యం, రెండోది, మూడోది. ఈసారి నిదానంగా. నాలుగోదానికి వచ్చేసరికి గొంతు బాగా తగ్గిపోయింది, గొణిగినట్టు.

క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని అమృతమ్మ నా వెనకే ఉంది.

"ఆ ముక్క కొంచెం గట్టిగా చదవండి బాబూ" అంది.

చదివారు.